పని ఉంది, కొలువు లేదు

ప్రభుత్వం సైన్సు మీద ఎంత డబ్బు ఖర్చు పెట్టాలి? ఆ డబ్బు ఏ పరిశోధనలకు పోవాలి? వాటిలో ఏవి ముందు, ఏవి వెనుక? ఫలితం ఎవరి చేతికి వస్తుంది, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకటమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి వైజ్ఞానిక విధాన పరిశోధకుడు అంటారు. అతను ప్రయోగశాలలో పరీక్షనాళిక పట్టుకోడు, సెక్రటేరియట్‌లో ఫైలు మీద సంతకమూ చెయ్యడు. ప్రయోగశాలకూ సెక్రటేరియట్‌కూ మధ్య ఏం జరుగుతున్నదో, ఏం జరగటంలేదో లెక్కగట్టి చెబుతాడు. మన దేశంలో ఈ విద్యలో పీహెచ్.డి. పట్టాలిస్తున్నారు. తెలుగు జిల్లాలనుంచి వెళ్ళి ఆ చదువు చదువుతున్న యువతీయువకులున్నారు. చదువు పూర్తయ్యాక వాళ్ళు సొంత రాష్ట్రానికి తిరిగివచ్చి ఆ విద్యతో బతకటానికి మాత్రం దారి దాదాపు లేదు.

ఈ మాట ఎత్తితే నాలుగు రకాల సమాధానాలు వినిపిస్తాయి. గిరాకీ లేని చదువు ఎవరు చదవమన్నారని మార్కెట్టు వేదాంతి అంటాడు. మా సంగతి మాకు తెలుసు, మధ్యలో వీళ్ళెవరని శాస్త్రజ్ఞుడు అంటాడు. విధానాలు రాయటానికి మేమున్నాంగదా అని అధికారి అంటాడు. నాలుగో సమాధానం మనలోనుంచే వస్తుంది: పనిదొరకని కూలీలు లక్షల్లో ఉంటే నలుగురు పీహెచ్.డి.ల గోడు మనకెందుకు? ఈ నాలుగూ తప్పుడు సమాధానాలే. ఎందుకు తప్పో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట మార్కెట్టు వేదాంతిని పలకరిద్దాం. అవసరం వేరు, ఆ అవసరానికి డబ్బు కట్టేవాడుండటం వేరు. ఆకలిగొన్నవాడి జేబులో రూపాయి లేకపోతే బజారులో అన్నానికి గిరాకీ లేనట్టే లెక్క. వైజ్ఞానిక విధాన పరిశోధనకు మన దగ్గర గిరాకీ లేదనటం సరిగ్గా ఇటువంటి లెక్కే.

పటాన్‌చెరు సంగతి తీసుకోండి. అక్కడ 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ వెలిసింది. ఆ చుట్టుపక్కలనే మందుల ఫ్యాక్టరీలూ వెలిశాయి. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రంనుంచి బయటికివచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధి అయిందనుకున్న ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్కు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. హైదరాబాదులో రసాయన పరిశోధనకు ఏం తక్కువ? శాస్త్రజ్ఞులు లేరా, యంత్రాలు లేవా? అన్నీ ఉన్నాయి. అయినా ప్రపంచం కళ్ళు తెరిపించిన కొలత స్వీడన్ వాళ్ళు తియ్యవలసివచ్చింది. ఆ కొలత తియ్యమని అడగటం, తీసిన కొలతను చట్టందాకా నడిపించటం తన పనిగా జీతం పుచ్చుకునే మనిషి ఇక్కడ లేడు.

కథ అక్కడితో ఆగలేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ప్రకటించింది. ఫ్యాక్టరీలు వదిలే నీటిలో 121 యాంటీబయాటిక్కుల అవశేషాలు ఎంతకు మించరాదో అందులో అంకెలతోసహా ఉన్నది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలు లేవు. అవి ఎందుకు పోయాయి? ఎవరి అభ్యంతరం మీద పోయాయి? ఆ పరిమితులు అమలుజరిపితే ఫ్యాక్టరీలకు అయ్యే ఖర్చెంత? అమలుజరపకపోతే మందులకు లొంగని రోగాల రూపంలో జనానికి పడే ఖర్చెంత? ఈ లెక్క కట్టటమే వైజ్ఞానిక విధాన పరిశోధన. ఈ లెక్క అందరికంటే ముందు కావలసినది ఢిల్లీకి కాదు, సంగారెడ్డి జిల్లాకు.

కాళేశ్వరం చూడండి. 2019 జూన్‌లో ప్రారంభమైన ఆ పథకంలో మేడిగడ్డ బరాజు స్తంభాలు 2023 అక్టోబరులో కుంగాయి. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, ఖర్చు 1,47,427 కోట్ల రూపాయలు దాటవచ్చుననీ, ఆ లెక్కన పెట్టే ప్రతి రూపాయికీ వచ్చే ఫలితం 52 పైసలేననీ తేల్చింది. ఆడిటరు శవపరీక్ష చేసే డాక్టరు వంటివాడు. అతని పని అవసరమే, కాని అది రోగి పోయిన తరవాతి పని. శంకుస్థాపనకు ముందే ఇటువంటి లెక్కను స్వతంత్రంగా కట్టి, జనం చేతిలో పెట్టే సంస్థ రాష్ట్రంలో ఒక్కటైనా ఉండవలసింది. అది ఉంటే బరాజు కుంగకపోయేదని నేననను. ఆ డబ్బు పెట్టాలా వద్దా అన్నది అంకెలు ముందు పెట్టుకుని బహిరంగంగా చర్చించి ఉండేవాళ్ళం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. దశాబ్దాలుగా అక్కడి జనాన్ని మూత్రపిండాల వ్యాధి పట్టి పీడిస్తున్నది. ఎన్నో బృందాలు వచ్చాయి, నీళ్ళు పట్టుకెళ్ళాయి, రక్తం పట్టుకెళ్ళాయి. కారణం ఇదీ అని ఈనాటికీ అందరూ ఒప్పుకునే నిర్ణయం లేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆస్పత్రీ పరిశోధనా కేంద్రమూ ప్రారంభించారు, మంచిదే. కాని ఇంతవరకు జరిగిన పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి, ఎవరు ఏ ప్రశ్న అడిగారు, ఏ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఎవరు దేనికి డబ్బిచ్చారు అని బేరీజు వేసి, తరవాతి పరిశోధన ఎటు సాగాలో చెప్పే పని ఎవరిది? అది వైద్యుడి పని కాదు, కలెక్టరు పనీ కాదు. ఆ పని చెయ్యగలవాడు ఢిల్లీలో ఏదో ప్రాజెక్టులో తాత్కాలికోద్యోగం చేసుకుంటున్నాడు.

మార్కెట్టు వేదాంతికి ఇంకొక్క మాట. హైదరాబాదు మందుల పరిశ్రమ మార్కెట్టు మహిమ అని అతను మురిసిపోతాడు. 1961లో ప్రభుత్వరంగంలో ఐ.డి.పి.ఎల్. పుట్టింది. దాని సింథటిక్ మందుల కర్మాగారం హైదరాబాదుకు వచ్చింది. 1970లో పేటెంట్ల చట్టం మారి, ఔషధం మీద కాక దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఉండేటట్టు చేసింది. ప్రాంతీయ పరిశోధనాశాల కొత్త పద్ధతులు తయారుచేసి ఇచ్చింది. ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చుకున్నవాళ్ళు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవాడే. తల్లి ఖాయిలాపడి మూతపడింది, బిడ్డలు కోట్లకు పడగెత్తారు. మార్కెట్టు విధానాన్ని కనలేదు, విధానమే మార్కెట్టును కన్నది. అటువంటి విధానాన్ని పరిశీలించేవాడికి మార్కెట్టులో గిరాకీ లేదని ఆ మార్కెట్టే తీర్పు చెప్పటం వింత.

ఇక శాస్త్రజ్ఞుడు. తన శాస్త్రం తనకు తెలుసుననటంలో సందేహం లేదు. కాని తన శాస్త్రానికీ పక్కవాడి శాస్త్రానికీ మధ్య డబ్బు ఎట్లా పంచాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అతను వాది, లేదా ప్రతివాది. వాదిని న్యాయపీఠం మీద కూర్చోబెట్టే ఆచారం ఏ కోర్టులోనూ లేదు. ఈ సంగతి గొప్ప శాస్త్రజ్ఞులకు ఏనాడో తెలుసు. సైన్సు సమాజంలో చేసే పనిని గురించి 1939లో పుస్తకం రాసిన బెర్నాల్ స్వయంగా స్ఫటికనిర్మాణం మీద పరిశోధన చేసిన భౌతికశాస్త్రజ్ఞుడు. సైన్సుకు ప్రణాళిక కావాలనీ, ఆ ప్రణాళికను శాస్త్రీయంగానే అధ్యయనం చెయ్యాలనీ ఆయన వాదించాడు.

అంతదూరం పోనక్కరలేదు. నిజాం కాలంలో 1944లో మొదలై, 1956లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి కిందికి వచ్చిన హైదరాబాదు ప్రయోగశాలకు చాలా ఏళ్ళు డైరెక్టరుగా ఉన్నవాడు హుసేన్ జహీర్. అభ్యుదయ రచయితల ఉద్యమ స్థాపకుల్లో ఒకడైన సజ్జాద్ జహీర్‌కు ఆయన సోదరుడు. ఒక అన్న సాహిత్యం ఎవరికోసమని అడిగితే, ఇంకొక అన్న సైన్సు ఎవరికోసమని అడిగాడు. 1962 నుంచి 1966 దాకా ఆయన మండలికి డైరెక్టర్ జనరల్‌గా ఉన్న కాలంలోనే పరిశోధనల సర్వేకూ ప్రణాళికకూ అబ్దుర్ రహమాన్ నాయకత్వాన ప్రత్యేక విభాగం ఏర్పడింది. అంటే, శాస్త్రజ్ఞుడైన జహీర్ ఈ పని వేరే మనుషులు వేరే శిక్షణతో చెయ్యవలసిన పని అని గుర్తించాడు. 1971 నుంచి 1977 దాకా అదే పదవిలో ఉన్నవాడు మన గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. వెనుకబడిన ఒక జిల్లాను తీసుకుని, అక్కడి వనరులకూ అవసరాలకూ సరిపోయే సాంకేతిక విజ్ఞానం ఏదో వెదకాలని ఆయన కాలంలో ఎన్నుకున్న జిల్లా కరీంనగర్. సైన్సు విధానం ఢిల్లీలో కూర్చుని రాసే కాగితం కాదనీ, జిల్లాలో దిగి చెయ్యవలసిన పరిశోధన అనీ ఆ ప్రయత్నానికి అర్థం.

ఆ విత్తనం ఇక్కడ మొలకెత్తలేదు. రహమాన్ విభాగంనుంచి ఎదిగిన జాతీయ సంస్థ 1980లో ఢిల్లీలో స్థిరపడింది. 2021లో దాన్ని మరొక సంస్థతో కలిపేశారు, కొత్త సంస్థ కూడా ఢిల్లీలోనే ఉన్నది. పేరుపొందిన విశ్వవిద్యాలయ కేంద్రం జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఉన్నది. బెంగుళూరుకు 1988నుంచీ ఉన్నత అధ్యయనాల జాతీయ సంస్థ ఉన్నది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో విధాన పరిశోధనా కేంద్రం ఉన్నది. హైదరాబాదుకు ఏమున్నది? 1958లో కూనూరునుంచి తరలివచ్చిన పోషకాహార సంస్థ, 1961లో భూభౌతిక సంస్థ, 1977లో జీవకణ పరిశోధనా కేంద్రం, రక్షణ ప్రయోగశాలలు, వ్యవసాయ సంస్థలు ఉన్నాయి. ఇన్ని ప్రయోగశాలలున్న నగరంలో ఆ ప్రయోగశాలలు ఏం చేస్తున్నాయి, ఎవరికోసం చేస్తున్నాయి అని అడగటానికి హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఏర్పడిన ఒక చిన్న అధ్యయన కేంద్రం తప్ప చెప్పుకోదగ్గ చోటు లేదు. విశాఖలో, తిరుపతిలో, వరంగల్లులో అదీ లేదు.

మూడోవాడు అధికారి. విధానాలు మేం రాస్తాంగదా అంటాడు. ఆయన రాయటంలేదన్నదే మొదటి అభ్యంతరం. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన 'విజన్ 2020' పత్రం అమెరికా కన్సల్టెన్సీ కంపెనీ మెకిన్సీ సహాయంతో తయారైంది. అమరావతి నగర ప్రణాళిక సింగపూరు సంస్థలు గీసిపెట్టాయి. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది, ఈ అలవాటు మాత్రం మారలేదు. కన్సల్టెంటు రిపోర్టు డబ్బిచ్చినవాడి సొత్తు. అందులో అంకె ఎక్కడినుంచి వచ్చిందని శాసనసభ్యుడు అడిగినా జవాబు చెప్పవలసిన బాధ్యత దాన్ని రాసినవాడికి లేదు. రిపోర్టు ఇచ్చి, బిల్లు పుచ్చుకుని, విమానమెక్కుతాడు. అధికారి సంగతా? రెండేళ్ళు తిరక్కముందే బదిలీ అవుతాడు. శాఖకు జ్ఞాపకశక్తి అంటూ లేకుండా పోతుంది. కన్సల్టెంటుకు కోట్లు పోసే ఖజానాకు నలుగురు పరిశోధకులకు శాశ్వతోద్యోగాలివ్వటానికి డబ్బు లేదంటే ఎవరు నమ్ముతారు?

రాష్ట్రాలకు శాస్త్ర సాంకేతిక మండళ్ళు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. సైన్సు దినోత్సవాలు, బాలల సైన్సు కాంగ్రెసులు, అవగాహనా సదస్సులు జరిపిస్తాయి. అవి జరగవలసినవే. కాని పిల్లలకు సైన్సు ప్రదర్శన పెట్టించటం వేరు, పెద్దలు సైన్సు పేరుతో పెట్టే ఖర్చును తూచటం వేరు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతిలో క్వాంటం వ్యాలీ ప్రకటించింది. క్వాంటం కంప్యూటరు వద్దని నేననను. దానివల్ల ఎవరికి ఎన్ని ఉద్యోగాలొస్తాయి, మన విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర శాఖల్లో ఖాళీలు నింపకుండా దాన్ని వాడేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు అన్న ప్రశ్నకు, ప్రకటన చేసినవాళ్ళు కాక వేరేవాళ్ళు సమాధానం చెప్పాలంటాను.

ఇన్ని ఖాళీలు పొరపాటున ఏర్పడ్డాయనుకుంటే అమాయకత్వం. అమెరికా కాంగ్రెసు 1972లో చట్టం చేసి, సాంకేతిక విషయాల మంచిచెడ్డలు తూచటానికి తనకొక కార్యాలయం ఏర్పాటుచేసుకున్నది. 1995లో దానికి డబ్బు ఆపి మూసేసింది. లెక్క అడిగేవాణ్ణి పాలకులు ఎక్కడా ప్రేమించరు. మన పాలకులు ఇంకా తెలివైనవాళ్ళు, మూసెయ్యవలసిన అవసరం రాకుండా అసలు తెరవనేలేదు.

ఇప్పుడు ఆ చదువు చదివిన యువకుడి బతుకు చూడండి. దేశంలో పరిశోధన మీద పెట్టే మొత్తం ఖర్చు స్థూలదేశీయోత్పత్తిలో 0.64 శాతం, ఇది 2020-21 నాటి లెక్క. ఆ ఖర్చులో రాష్ట్ర ప్రభుత్వాల వాటా 6.7 శాతం. అందులోనూ పెద్ద భాగం వ్యవసాయ పరిశోధనది. అంటే, రాష్ట్రాలు సైన్సును తమ పనిగా అనుకోవటమే లేదు. ఇక విశ్వవిద్యాలయాలు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఈ విద్యకు శాఖ లేదు, శాఖ లేదు కనుక ఉద్యోగం లేదు. అధ్యాపకోద్యోగానికి అర్హత ఇచ్చే నెట్ పరీక్ష విషయాల పట్టికలో వైజ్ఞానిక విధానం పేరు లేదు. దాన్ని చదివినవాడు సోషియాలజీలోనో అర్థశాస్త్రంలోనో పరీక్ష రాసుకోవాలి. ఆ శాఖవాళ్ళు నువ్వు మావాడివి కావంటారు. సైన్సు శాఖవాళ్ళు నువ్వెప్పుడో మమ్మల్ని వదిలిపోయావంటారు. మిగిలింది ప్రాజెక్టు కొలువు. 2023 జనవరినుంచి జూనియర్ ఫెలోకు నెలకు 37 వేలు, సీనియర్ ఫెలోకు 42 వేలు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే జీతం. ముప్పయ్యయిదేళ్ళ వయస్సులో, పెళ్ళాంబిడ్డలతో, వచ్చే మార్చి తరవాత అద్దె ఎట్లా కట్టాలో తెలియని మనిషి మందుల కంపెనీల మీదా ప్రభుత్వం మీదా నిర్మొహమాటంగా రిపోర్టు రాస్తాడా? రాసే ధైర్యం అతనికి ఉండవచ్చు. అతనికి ఉన్న ఆ ధైర్యం మీద ఆధారపడి రాష్ట్రం నడవకూడదు. ఉద్యోగభద్రత అతని సుఖం కోసమే కాదు, అతని మాటకు విలువ ఉండటం కోసం.

ఇక మనవాళ్ళ సమాధానం. నలుగురు పీహెచ్.డి.ల గోడు కూలీలకెందుకంటారు. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ఫ్యాక్టరీ పెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. పర్యావరణ ప్రభావం మీద వందల పుటల రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ఉండేది దాని సారాంశం, కాసిని పుటలు. షామియానా కింద కూర్చున్న రైతుకూలీ లేచి ఏమడగాలి? తన బావి నీళ్ళు ఏమవుతాయని అడుగుతాడు. వేదిక మీది నిపుణుడు ఇంగ్లీషు అంకె ఒకటి చెప్పి కూర్చుంటాడు. ఆ అంకె తప్పని, ఆ సభలో, ఆ క్షణాన, తెలుగులో చెప్పగలవాడు కూలీ పక్కన ఉండాలా, అక్కరలేదా? కంపెనీ పక్కన పదిమంది నిపుణులుంటారు, వాళ్ళందరికీ జీతాలుంటాయి. కూలీ పక్కన ఉండవలసిన నిపుణుడి కొలువు గురించి మాట్లాడితే మధ్యతరగతి గోడు అయిందా?

కేరళ ఈ సంగతి ముందే గ్రహించింది. అక్కడి శాస్త్ర సాహిత్య పరిషత్తు 1962లో మలయాళంలో సైన్సు రాయటానికి పుట్టిన రచయితల సంఘం. సైలెంట్ వ్యాలీ విద్యుత్ పథకం వచ్చినప్పుడు ఆ సంఘం అడవి అందం గురించి పద్యాలతో సరిపెట్టుకోలేదు. పథకం సాంకేతిక, ఆర్థిక, సామాజిక అంచనాను 1979లో ప్రకటించింది. చివరికి 1983లో పథకం రద్దయింది. మనకూ 1988నుంచి జన విజ్ఞాన వేదిక ఉన్నది. మూఢనమ్మకాల మీద అది చేసిన కృషి చిన్నది కాదు. కాని బడిపంతులు సాయంకాలం తీరికవేళ చేసే స్వచ్ఛందసేవతో, పగలంతా జీతం పుచ్చుకుని పనిచేసే కంపెనీ నిపుణుణ్ణి ఎదిరించాలంటే ఎంతకాలం సాధ్యం? దెయ్యాలు లేవని రుజువుచెయ్యటానికి తీరికవేళలు చాలు. వ్యర్థజలాల లెక్క తేల్చటానికి చాలవు.

కనుక అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. ఒకటి, రెండు తెలుగు శాసనసభలకూ శాస్త్ర సాంకేతిక విషయాలు పరిశీలించే సొంత పరిశోధనా విభాగాలు కావాలి. బ్రిటిష్ పార్లమెంటుకు అటువంటిది 1989నుంచీ ఉన్నది, జర్మనీ పార్లమెంటుకు 1990నుంచీ ఉన్నది. రెండు, రాష్ట్ర శాస్త్ర సాంకేతిక మండళ్ళలోనూ కాలుష్య నియంత్రణ మండళ్ళలోనూ విధాన పరిశోధకులకు శాశ్వతోద్యోగాలు కావాలి. మూడు, మన విశ్వవిద్యాలయాల్లో కనీసం రెండుమూడింటిలో ఈ శాఖ తెరవాలి, నెట్ పట్టికలో ఈ విషయం చేర్చాలి. నాలుగు, ఇట్లా తయారైన ప్రతి నివేదికా తెలుగులో, పూర్తిగా, నిర్ణయానికి ముందే బయటికి రావాలి.

ప్రభుత్వం జీతమిస్తే ప్రభుత్వాన్ని విమర్శిస్తారా అని సందేహించేవాళ్ళున్నారు. కాగ్‌కు జీతమిచ్చేది ఎవరు? ప్రభుత్వ ఖజానాయేగదా. ఇష్టం వచ్చినప్పుడు తీసేసే అధికారం ప్రభుత్వానికి లేదు కనుకనే 52 పైసల లెక్క బయటికి వచ్చింది. విధాన పరిశోధకుడికీ ఆ రక్షణ చట్టంలో రాసి ఇవ్వాలి. ఆ రక్షణ లేని ఉద్యోగాలు వెయ్యి సృష్టించినా సర్కారీ భట్రాజులు వెయ్యిమంది తయారవుతారు తప్ప జనానికి ఒరిగేదేమీ ఉండదు.

శాస్త్రజ్ఞులను విధాన నిర్ణయాల్లో భాగస్వాములను చేస్తామని, వాళ్ళకు గౌరవమైన స్థానమిస్తామని 1958 మార్చి నాటి వైజ్ఞానిక విధాన తీర్మానంలో భారత ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ తరవాత 1983లో ఒక పత్రం, 2003లో ఒకటి, 2013లో ఒకటి, 2020లో ఒక ముసాయిదా వచ్చాయి. పత్రాలు రాయటానికి మనుషులు దొరికారు. వాటిలో రాసింది పటాన్‌చెరులో, ఉద్దానంలో, మేడిగడ్డలో ఏమైందో చూసి చెప్పే మనుషులకే కొలువు దొరకటంలేదు. రాబోయే ఎన్నికల్లో ఓటడగటానికి వచ్చినవాళ్ళను ఎన్ని ఫ్యాక్టరీలు తెస్తారని అందరూ అడుగుతారు. వాటి లెక్క చూసేవాళ్ళకు ఎన్ని ఉద్యోగాలిస్తారని మనం అడుగుదాం.